ఇంట్లో సైడ్‌కార్ కలుపుకోవడం ఎలా: బ్రాందీ, కమలా తొక్క, నిమ్మరసం

మన ఊళ్ళల్లో విస్కీ అమ్మినా, బీరు అమ్మినా జనం నోట్లో అది బ్రాందీ షాపే. అంత దగ్గరి పేరు మనకు బ్రాందీ. తాగే పద్ధతులు మాత్రం రెండే: నీళ్ళు పోసుకోవడం, లేకపోతే సోడా పోసుకోవడం. అదే బ్రాందీలో తాజా నిమ్మరసం, కమలా తొక్క వాసన ఉన్న లిక్యూర్ (తియ్యటి మందు) కలిపి ఐసుతో గట్టిగా గిలక్కొడితే దాని పేరు సైడ్‌కార్. వందేళ్ళు దాటిన కాక్‌టెయిల్ ఇది. మూడే వస్తువులు కాబట్టి ఇంట్లో సులభంగా చేసుకోవచ్చు. మూడే కాబట్టి ఒక్కటి తప్పినా దాచుకునే చోటు ఉండదు.

నేను ఈ మధ్య ఏడెనిమిదేళ్ళుగా దీన్ని కలుపుతున్నాను. ఇంగ్లిష్ కొలతలు ఉన్నవి ఉన్నట్టు మన వంటింట్లోకి తెస్తే కుదరదు. కారణం బ్రాందీలో లేదు, నిమ్మకాయలో ఉంది. పులిహోరలో ఎన్ని కాయలు పిండాలో మన ఇళ్ళల్లో ఎవరూ కాగితం చూసి పిండరు. కాయ పులుపు చూసి పిండుతారు. సైడ్‌కార్‌కు కూడా అదే చెయ్యి కావాలి. ఆ చెయ్యి ఎలా కుదురుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మందు కొనే వయసు 21 నిండాలి. కింద చెప్పిన కొలతలో ఒక్క గ్లాసులో ఉండే ఆల్కహాల్, మామూలు 650 మి.లీ. బీరు సీసాలో ఉన్నదానికి కొంచెం తక్కువ, అంతే. చల్లగా, తియ్యగా, పుల్లగా ఉండడం వల్ల నాలుకకు ఆ బరువు తెలియదు. ఇంటికి వచ్చినవాళ్ళకు ఇచ్చేటప్పుడు ఈ సంగతి నోటితో చెప్పండి, బండి తాళాలు మీ దగ్గర పెట్టుకోండి.

ఎక్కడ పుట్టింది

1922లో అచ్చయిన కాక్‌టెయిల్ పుస్తకాల్లో సైడ్‌కార్ పేరు కనిపిస్తుంది. పారిస్‌లో బార్ నడిపిన హ్యారీ మెకెల్హోన్, లండన్‌లో పనిచేసిన రాబర్ట్ వెర్మీర్, ఇద్దరూ ఆ ఏడాదే దీన్ని రాశారు. ఇద్దరూ లండన్‌లోని బక్స్ క్లబ్ బార్‌మన్ ప్యాట్ మెక్‌గ్యారీ పేరే చెప్పారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో మోటారు సైకిలు పక్కన తగిలించిన తొట్టెలో కూర్చుని బార్‌కు వచ్చే ఒక సైనికాధికారి కోసం కలిపారని, అందుకే ఆ పేరని ఒక కథ చెప్పుకుంటారు. రుజువు లేని కథ అది.

దీని పూర్వీకురాలు మాత్రం అమెరికాలో ఉంది. న్యూ ఆర్లియన్స్‌లో 19వ శతాబ్దం నడుమ జోసెఫ్ శాంటిని కలిపిన బ్రాందీ క్రస్టా. గ్లాసు అంచుకు పంచదార అద్ది, నిమ్మ తొక్కను లోపల చుట్టూ పరిచి ఇచ్చేవారు. 1862లో జెర్రీ థామస్ దాన్ని పుస్తకంలోకి ఎక్కించాడు. సైడ్‌కార్ గ్లాసు అంచుకు పంచదార అద్దడం 1930ల్లో మొదలైంది. ఆ అలవాటు మూలం క్రస్టాలోనే ఉంది.

ఈ చరిత్ర చెప్పడానికి ఇంకో కారణం ఉంది: కొలతలు. 1922లో మూడూ సమపాళ్ళు. 1930 నాటికి లండన్‌లో రెండు పాళ్ళు బ్రాందీ, ఒక పాలు లిక్యూర్, ఒక పాలు నిమ్మరసం అయింది. 1948లో డేవిడ్ ఎంబరీ అనే అమెరికన్ ఎనిమిది పాళ్ళు బ్రాందీకి రెండు పాళ్ళు నిమ్మరసం, ఒక్క పాలు లిక్యూర్ అన్నాడు. ఇప్పుడు అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం చెప్పేది 50 మి.లీ. కోన్యాక్ (ఫ్రెంచ్ బ్రాందీ), 20 మి.లీ. ట్రిపుల్ సెక్ (కమలా లిక్యూర్), 20 మి.లీ. నిమ్మరసం. అంటే ఇదొక్కటే సరైన కొలత అని ఏ కాలంలోనూ లేదు. కాబట్టి మీ నాలుకను బట్టి మార్చుకోవడానికి జంకనక్కర్లేదు.

బ్రాందీ ఎంచుకోవడం

అసలు సైడ్‌కార్ కోన్యాక్‌తో చేస్తారు. ఫ్రాన్స్‌లో కోన్యాక్ పట్టణం చుట్టుపక్కల పండే తెల్ల ద్రాక్షల వైన్‌ను రాగి బట్టీల్లో రెండుసార్లు కాచి, ఓక్ పీపాల్లో కనీసం రెండేళ్ళు నిలవ ఉంచితేనే ఆ పేరు పెట్టుకోవాలి. సీసా మీద వీఎస్ అంటే రెండేళ్ళు, వీఎస్ఓపీ అంటే నాలుగేళ్ళు, ఎక్స్ఓ అంటే పదేళ్ళు. సైడ్‌కార్‌కు వీఎస్ చాలు, వీఎస్ఓపీ అయితే హాయి. ఎక్స్ఓను నిమ్మరసంలో ముంచకండి. అది ఊరికే చప్పరించాల్సిన సరుకు. అమెరికా నుంచో గల్ఫ్ నుంచో వస్తున్న చుట్టాలుంటే ఒక సీసా తెమ్మనండి. ఒకరికి రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు.

మన దగ్గర తక్కువ ధరకు దొరికే బ్రాందీలు చాలావరకు వేరే జాతివి. చెరకు మొలాసిస్ నుంచి వచ్చే స్పిరిట్‌కు కొంత ద్రాక్ష స్పిరిట్, క్యారమెల్ రంగు, సువాసన కలిపి చేస్తారు. సీసా వెనక అక్షరాలు చిన్నవైనా ఓపిగ్గా చదవండి. ద్రాక్ష స్పిరిట్ నుంచే చేశామని రాసిన సీసా దొరికితే కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి. దొరక్కపోతే మీ ఇంట్లో ఉన్న బ్రాందీతోనే మొదలుపెట్టండి, కాకపోతే ఒక పరీక్ష చేసి. ఒక చెంచా బ్రాందీలో ఒక చెంచా చల్లటి నీళ్ళు కలిపి వాసన చూడండి. ఎండు ద్రాక్ష, కాలిన బెల్లం, చెక్క వాసన తగిలితే మంచిది. ముక్కులో గుచ్చుకునే చాక్లెట్ ఎసెన్స్ లాంటి వాసన ఒక్కటే వస్తే ఆ బ్రాందీ నిమ్మరసం పక్కన నిలబడదు. సోడాతో తాగేటప్పుడు కప్పుకున్నదంతా నిమ్మ పడగానే బయటికి వస్తుంది.

మన బ్రాందీలో ఆల్కహాల్ 42.8 శాతం, కోన్యాక్‌లో సాధారణంగా 40 శాతం. ఈ తేడా చిన్నదే, కొలత మార్చనక్కర్లేదు.

కమలా లిక్యూర్: కొనేది, చేసుకునేది

రెండో వస్తువు ట్రిపుల్ సెక్. తీపి, చేదు కమలా తొక్కల నూనె వాసన పట్టించి, పంచదార కలిపిన స్పిరిట్ ఇది. అందులో పేరు మోసింది క్వాంత్రో. ఫ్రాన్స్‌లో ఆంజే పట్టణం నుంచి 1875 నాటినుంచీ వస్తోంది, 40 శాతం. తక్కువ ధరవి కొన్నింటిలో ఆల్కహాల్ 15–20 శాతమే ఉంటుంది, తీపి మాత్రం ఎక్కువ. అలాంటిది వాడితే సైడ్‌కార్ షర్బత్ అయిపోతుంది. సీసా మీద శాతం చూసి కొనండి. క్యురసావ్ అనే నీలం రంగు కమలా లిక్యూర్ జోలికి పోకండి, బ్రాందీలో పడగానే బురద రంగు తిరుగుతుంది. పొడి కలిపే ఆరెంజ్ డ్రింకులు, స్క్వాష్‌లు అసలే వద్దు.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ దాటితే క్వాంత్రో దొరకడం కష్టం. దొరికినా ఖరీదు. అందుకని నేను ఇంట్లోనే చేసుకుంటాను. ఇది కాచడం కాదు, నానబెట్టడమే.

చలికాలంలో నాగపూర్ కమలాలు వచ్చే రోజులు దీనికి సరైనవి. గట్టిగా, మెరుస్తూ ఉన్న పండ్లు మూడు తీసుకోండి. వేడినీళ్ళలో ఒక నిమిషం ముంచి, కొంచెం ఉప్పుతో రుద్ది కడగండి. పైన పూసిన మైనం పోతుంది. బంగాళాదుంప చెక్కు తీసే పీలర్‌తో పై పొర ఒక్కటే తియ్యండి. లోపలి తెల్లటి పొర చేదు, అది కత్తికి అంటుకుని వస్తే చెక్కేసి పారెయ్యండి. కమలా తొక్క వదులుగా ఉంటుంది కాబట్టి పండు వలవక ముందే ఈ పని చెయ్యాలి.

ఈ తొక్కలను 250 మి.లీ. వోడ్కాలో వేసి, గాజు సీసాలో మూత పెట్టి మూడు రోజులు చీకటి అలమరలో ఉంచండి. రోజుకోసారి కుదపండి. రెండో రోజుకే వోడ్కా పసుపు తిరుగుతుంది. నాలుగో రోజుకు పొడిగించకండి, చేదు దిగుతుంది. పల్చటి బట్టలో వడకట్టండి. 100 గ్రాముల పంచదారను 60 మి.లీ. నీళ్ళలో సన్నసెగ మీద కరిగించి, పూర్తిగా చల్లారాక అందులో కలపండి. పాకం పట్టకూడదు, కరిగితే చాలు. ఒక్క రోజు ఆగి వాడుకోండి. ఇది 30 శాతానికి కాస్త తక్కువగా దిగుతుంది, ఫ్రిజ్‌లో రెండు నెలలు బావుంటుంది.

మీ పెరట్లోనో పక్కింటి పెరట్లోనో పుల్ల నారింజ చెట్టు ఉంటే, పులిహోర కలుపుకునే ఆ నారింజే, మూడు కమలాల్లో ఒకటి తీసేసి దాని తొక్క వెయ్యండి. ట్రిపుల్ సెక్‌కు ఆ కాస్త చేదు వాసన ఇచ్చేది ఆ జాతి పండే. బత్తాయి తొక్కలో నాకు ఆ పరిమళం దొరకలేదు. దాని రసం అన్నం తినేటప్పుడు తాగండి, తొక్క మాత్రం దీనికి వద్దు.

నిమ్మ దగ్గర ఆగాలి

యూరప్ వంటకాల్లో నిమ్మ అంటే కోడిగుడ్డంత ఉండే పసుప్పచ్చటి, దళసరి తొక్క కాయ. మన నిమ్మకాయ వేరే చెట్టు. పల్చటి తొక్క, చిన్న కాయ, ముక్కుకు ఘాటుగా తగిలే వాసన, నాలుకను కోసే పులుపు. గూడూరు, తెనాలి మార్కెట్ల నుంచి లారీలకెత్తేది ఈ కాయే. దీంతో సైడ్‌కార్ కుదరదని కాదు, భేషుగ్గా కుదురుతుంది; ఆ దేశపు కొలత మాత్రం కుదరదు.

మొదటిసారి నేను 20 మి.లీ. నిమ్మరసం పోసి మా బావకు ఇచ్చాను. ఒక్క గుక్క తాగి గ్లాసు కిందపెట్టాడు.

"పళ్ళు పులిశాయిరా," అన్నాడు.

"బావా, ఒక్క నిమిషం ఆగు," అని ఇంకో గ్లాసు 15 మి.లీ.తో కలిపి తెచ్చాను. బ్రాందీ, లిక్యూర్ అంతే. ఆ గ్లాసు నెమ్మదిగా ఖాళీ చేసి, "ఈసారి బ్రాందీ తెలిసింది" అన్నాడు. ఐదు మిల్లీలీటర్లు, అంటే ఒక టీ చెంచా. అంత చిన్న తేడాకు మనిషి ముఖమే మారిపోయింది. అప్పటినుంచీ మన కాయతో 15 మి.లీ. దగ్గరే మొదలుపెడతాను.

కాయ ఎంపిక: ఆకుపచ్చగా గట్టిగా ఉన్నవి వద్దు. పసుపు తిరిగి, తొక్క నున్నగా, చేత్తో నొక్కితే కొంచెం మెత్తగా లొంగే కాయలు తీసుకోండి. వాటిలో రసం ఎక్కువ, ఘాటు తక్కువ. ఫ్రిజ్‌లోంచి తీస్తే అరగంట బయట పెట్టండి. తర్వాత వంటింటి గట్టు మీద అరచెయ్యి బలంగా ఆనించి నాలుగైదుసార్లు దొర్లించండి; లోపలి తొనలు చిట్లిన మెత్తదనం చేతికి తెలుస్తుంది. అడ్డంగా కోసి, గింజలు ఏరేసి పిండండి. చివరి చుక్క దాకా మెలిపెట్టి పిండకండి. తొక్కలోని చేదు నూనె, గింజ చేదు రసంలోకి దిగేది అక్కడే. ఇంకో కాయ కొయ్యడం నయం. టీ వడకట్టే జల్లెడలో వడకట్టండి.

పిండిన రసం ఎంతసేపు ఉంటుంది? బత్తాయి రసం తీసి పక్కన పెట్టి, గంట తర్వాత తాగినవాళ్ళకు ఆ చేదు తెలుసు. తీసినప్పుడు తియ్యగా ఉన్న రసం ఆగినకొద్దీ చేదెక్కుతుంది. రసంలోని ఒక పదార్థం మెల్లమెల్లగా లిమోనిన్ అనే చేదుగా మారడం దానికి కారణం. నిమ్మరసంలో పులుపు ఆ చేదును కొంత కప్పుతుంది, కానీ తాజాదనం మాత్రం పోతుంది. కలిపే ముందు పిండండి. పొద్దున పిండి సాయంత్రానికి దాచింది వద్దు, సీసాల్లో అమ్మే నిమ్మరసం అసలు వద్దు. ఈ గ్లాసులో ప్రాణమంతా ఆ తాజా రసమే.

పెద్ద పసుపు నిమ్మకాయ సూపర్‌మార్కెట్‌లో దొరికితే దాంతో 20 మి.లీ. పొయ్యండి. దాని పులుపు గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. రెండూ ఒకే రోజు పక్కపక్కన కలిపి చూడమని మీకు నా సలహా. ఒక్కసారి చూస్తే జన్మలో మర్చిపోరు.

ఐసు, పాత్రలు

ఐసును చాలామంది లెక్కలోకి తీసుకోరు. అది నాలుగో వస్తువు. గిలక్కొట్టేటప్పుడు కరిగే నీరు గ్లాసులో పావు వంతు దాకా ఉంటుంది. ఆ నీరు లేకపోతే సైడ్‌కార్ గొంతులో మండుతుంది. అందుకని మంచినీళ్ళతోనే ఐసు పెట్టండి. ట్రేకు మూత లేకపోతే పైన ఒక కవరు కట్టండి, ఫ్రిజ్‌లో ఉన్న ఉల్లిపాయ, చేపల కూర వాసన ఐసుకు పడుతుంది. ముక్కలు పెద్దవిగా, పొడిగా, గట్టిగా ఉండాలి. బయట పెట్టి నీరు కారుతున్న ఐసు వేస్తే సగం నీళ్ళు ముందే పడిపోతాయి.

షేకర్ లేకపోతే వెడల్పు మూతి ఉన్న స్టీలు నీళ్ళ సీసా, లేదా గట్టి మరమూత ఉన్న గాజు సీసా వాడండి. స్టీలుదైతే చల్లదనం చేతికి తెలుస్తుంది, అందుకే నాకు స్టీలే ఇష్టం. కొలతకు దగ్గు మందు సీసా మీద వచ్చే మూత చక్కగా పనికొస్తుంది, దాని మీద 5, 10 మి.లీ. గీతలు ఉంటాయి. శుభ్రంగా కడిగి, వాసన పోయేలా వేడినీళ్ళలో నానబెట్టి వాడండి. అదీ లేకపోతే వంట కొలతల చెంచాలు: చిన్నది 5, పెద్దది 15. కంటిచూపుతో మాత్రం పొయ్యకండి. ఒక టీ చెంచా తేడా ఏం చేసిందో పైన చెప్పాను కదా.

గ్లాసు కాడ ఉన్నదైతే మంచిది, చేతి వేడి తగలదు. లేకపోతే చిన్న గ్లాసు ఏదైనా సరే, పది నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టి తియ్యండి.

కలిపే వరుస

ఒక గ్లాసుకు: బ్రాందీ 50 మి.లీ., కమలా లిక్యూర్ 20 మి.లీ., మన నిమ్మరసం 15 మి.లీ.

పంచదార అంచు కావాలనుకుంటే ముందు అది చేసుకోండి. పంచదారను మిక్సీలో ఒక్క తిప్పు తిప్పండి, రవ్వ కంటే సన్నగా రావాలి గానీ పొడి కాకూడదు; పొడి అయితే తడికి జిగురై ఉండకడుతుంది. వెడల్పు పళ్ళెంలో పరవండి. నిమ్మ చెక్కతో గ్లాసు అంచు బయటివైపు మాత్రమే, అదీ సగం చుట్టే రుద్దండి. గ్లాసును పక్కకు వంచి ఆ సగాన్ని పంచదారలో దొర్లించండి. లోపలివైపు అంటింది తుడిచెయ్యండి, లేకపోతే అది కరిగి మీ కొలతను పాడుచేస్తుంది. ఐదు నిమిషాలు ఆరనిచ్చి ఫ్రీజర్‌లో పెట్టండి. సగమే ఎందుకంటే, తాగేవాళ్ళు ఒక గుక్క తీపితో, ఒక గుక్క ఉత్తగా తాగి ఏది నచ్చితే ఆ వైపు పెదవి ఆనించుకుంటారు.

ఇప్పుడు సీసాలో నిమ్మరసం, లిక్యూర్, బ్రాందీ ఈ వరుసలో పొయ్యండి. చౌకది ముందు, ఖరీదైనది చివర. కొలత తప్పితే పారబొయ్యడానికి బాధ ఉండదు. ఐసు వెయ్యకముందే ఒక చుక్క చెంచాతో తీసి నాలుక మీద వేసుకోండి. ఈ దశలో అది మీరు కోరుకున్న దాని కంటే ఎక్కువ తియ్యగా, ఎక్కువ ఘాటుగా ఉండాలి. చల్లబడితే తీపి నాలుకకు తక్కువగా తెలుస్తుంది, నీరు పడితే ఘాటు దిగుతుంది. ఇక్కడే సరిగ్గా ఉందనిపిస్తే గ్లాసులో పలచగా, పుల్లగా తేలుతుంది.

ఇక సవరింపు. రుచి చూస్తే పులుపు ముందు తగిలి, తర్వాత ఏమీ మిగలకపోతే పావు చెంచా పంచదార నీళ్ళు వెయ్యండి. పంచదార, నీళ్ళు సమంగా కలిపి కరిగిస్తే చాలు. తీపి నాలుకకు అంటుకుని ఉండిపోతే నాలుగు చుక్కల నిమ్మరసం. రెండూ సరిపోయి కూడా బోడిగా అనిపిస్తే ఒక చిటికెడులో పదో వంతు ఉప్పు, నాలుగు పలుకులు. మజ్జిగలో, షర్బత్‌లో ఉప్పు ఏం చేస్తుందో ఇక్కడా అదే చేస్తుంది. ఇంట్లో చేసిన లిక్యూర్ ఒక్కో విడతకు ఒక్కోలా దిగుతుంది, కాయ ఒక్కో వారం ఒక్కోలా ఉంటుంది, కాబట్టి ఈ చుక్క రుచి చూడడం ఎప్పుడూ మానకండి.

సీసా మూడొంతులు నిండేలా ఐసు వేసి, మూత బిగించి, రెండు చేతులతో పట్టుకుని భుజం ఎత్తులో గట్టిగా పన్నెండు నుంచి పదిహేను సెకన్లు గిలక్కొట్టండి. చెవికి వినండి: మొదట ఐసు గటగటా కొట్టుకుంటుంది, తర్వాత మోత మెత్తబడుతుంది. చేతికి స్టీలు అంటుకుపోయేంత చల్లబడి, బయట తెల్లటి మంచు పొర మొదలవుతుంది. అప్పుడు ఆపండి. లోపల ద్రవం సున్నా డిగ్రీల కంటే కిందికి వెళ్ళిపోతుంది. కుల్ఫీ కుండలో ఐసుకు ఉప్పు కలిపితే ఐసు కంటే చల్లబడుతుంది చూశారా, ఇక్కడ ఉప్పు పని ఆల్కహాల్ చేస్తుంది.

జల్లెడ అడ్డుపెట్టి గ్లాసులోకి ఒంపండి. సన్నటి ఐసు పలుకులు, నిమ్మ పీచు జల్లెడలో ఆగిపోతాయి. రంగు లేత తేనెలా, కొంచెం మబ్బుగా, పైన సన్నటి నురగ గీతతో ఉంటుంది. ఆ మబ్బు కొంత నిమ్మరసం వల్ల, కొంత గిలక్కొట్టిన గాలి వల్ల. గాలి పోయాక కొంచెం తేటపడుతుంది.

ఆఖరి పని నాకు అన్నిటికంటే ఇష్టమైనది. చిన్నప్పుడు బడిలో కమలా తొక్కను పక్కవాడి కళ్ళ దగ్గర పిండి ఏడిపించేవాళ్ళం కదా, అదే తొక్క, అదే పిండడం. రెండు వేళ్ళ వెడల్పు తొక్క ముక్కను, రంగు వైపు గ్లాసుకు తిప్పి, బొటనవేలితో చటుక్కున మడవండి. దీపం వెలుగుకు అడ్డంగా పట్టుకుని చూస్తే సన్నటి తుంపర పొగలా లేచి గ్లాసు మీద పడడం కనిపిస్తుంది. నీటి మీద నూనె చుక్కలు ఇంద్రధనుస్సులా విచ్చుకుంటాయి. తొక్కను అంచు మీద ఒకసారి రాసి పక్కన పెట్టండి. మొదటి గుక్కకు ముందు ముక్కుకు తగిలేది ఈ వాసనే. మీ లిక్యూర్ అంత గొప్పది కాకపోయినా ఇది కాపాడుతుంది.

పది నిమిషాల్లో తాగెయ్యండి. వెచ్చబడిన సైడ్‌కార్‌లో పులుపు, తీపి విడివిడిగా నిలబడతాయి. నంజుకోవడానికి కారం బాగా ఉన్నవి వద్దు. వేయించిన జీడిపప్పు, కొంచెం ఉప్పు చల్లిన బాదం సరిపోతాయి. కారం తగిలిన నాలుకకు కమలా వాసన చేరదు.

జలుబు చేసినప్పుడు బ్రాందీ వేడి చేస్తుందని మన ఇళ్ళల్లో ఓ నమ్మకం ఉంది, కొందరు పసిపిల్లలకు కూడా నాకిస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. ఆల్కహాల్ చర్మం కిందికి రక్తాన్ని తెచ్చి వెచ్చగా ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది, నిజానికి ఒంట్లో వేడి బయటికి పోతుంది. మెట్రోనిడజోల్ లాంటి యాంటీబయాటిక్ మాత్రలు వాడుతున్నవాళ్ళు, గర్భిణులు దీని జోలికి రాకూడదు. అలాంటివాళ్ళు ఇంట్లో ఉంటే అదే కమలా తొక్కను పంచదారలో నాలుగు గంటలు నానబెట్టండి, నూనె దిగి తడితడిగా అవుతుంది. అందులో నిమ్మరసం, చల్లటి సోడా పోసి అదే అంచు అద్దిన గ్లాసులో ఇవ్వండి. పక్కన కూర్చుని నీళ్ళ గ్లాసు పట్టుకునే అవసరం ఉండదు వాళ్ళకు.

నలుగురికి ఒకేసారి

నలుగురు వస్తే ఒక్కొక్కరికీ విడిగా గిలక్కొడుతూ నిలబడితే మీరు వాళ్ళతో కూర్చోలేరు. శుభ్రమైన 750 మి.లీ. గాజు సీసాలో 200 మి.లీ. బ్రాందీ, 80 మి.లీ. లిక్యూర్ పోసి, ఐసు కరిగి ఇచ్చే నీటికి బదులుగా 100 మి.లీ. మంచినీళ్ళు కలిపి ఫ్రీజర్‌లో పెట్టండి. రెండు గంటలు చాలు. ఆల్కహాల్ ఉండడం వల్ల గడ్డకట్టదు, కొంచెం చిక్కబడుతుంది. నిమ్మరసం ఇప్పుడు కలపకండి. వాళ్ళు గుమ్మంలోకి వచ్చాక నాలుగు కాయలు కోసి 60 మి.లీ. పిండి, సీసాలో పోసి, మూత పెట్టి పదిసార్లు కుదపండి. చుక్క రుచి చూడండి. ఇక్కడ ముందే నీళ్ళు పడ్డాయి, చల్లగానూ ఉంది కాబట్టి ఈసారి నాలుకకు సరిగ్గా అనిపించిందే సరైన కొలత. చల్లటి గ్లాసుల్లో పోసి, ఒక్కో గ్లాసు మీద తొక్క పిండి ఇవ్వండి. పిండగా మిగిలిన నిమ్మ చెక్కలను ఉప్పులో వేసి ఎండలో పెట్టెయ్యండి.